కనిపించిందే గీయాలి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"నీకిష్టమైన విషయం మీద పది నిమిషాలు మాట్లాడు" అన్నారు నిర్వాహకులు. ముందు ఒక చిన్న పని చేద్దాం. జేబులో రూపాయి బిళ్ల ఉంటే తీసి, సంవత్సరం కింద చూడండి. చిన్న నక్షత్రం ఉంటే అది హైదరాబాదు టంకశాలలో తయారైంది. వజ్రం ఆకారం ఉంటే ముంబయి, గుండ్రటి చుక్క ఉంటే నోయిడా, ఏమీ లేకపోతే కోల్‌కతా. ఈ గుర్తును ఇవాళే మొదటిసారి చూసినవాళ్లు చేతులెత్తండి. చూశారా, సగం సభ లేచింది!

నా ఉద్యోగం డైల తయారీ. కొన్నేళ్లు అమెరికాలో పనిచేసినప్పుడు అక్కడి పాత వెండి డాలర్ల మీద మోజు పడింది. జార్జి మోర్గాన్ అనే చెక్కుడు పనివాడు బొమ్మ గీసిన డాలరు అది. 1878 నుంచి 1904 దాకా, మళ్లీ 1921లో ముద్రించారు. బరువు దాదాపు 27 గ్రాములు, అందులో నూటికి తొంభై పాళ్లు వెండి. ఒకవైపు స్వేచ్ఛాదేవి ముఖం, రెండోవైపు గద్ద.

చూడటానికి అన్నీ ఒకేలా ఉంటాయి. కానీ ఏ రెండు డైలూ అచ్చంగా ఒకేలా ఉండవు. మెరక బొమ్మ ఉన్న హబ్‌ను మెత్తబరచిన ఉక్కు మీద గట్టిగా నొక్కితే డై తయారవుతుంది. ఒక్క నొక్కుడుతో బొమ్మ పూర్తిగా దిగదు. ఉక్కును మళ్లీ కాల్చి మెత్తబరచి, మళ్లీ నొక్కాలి. రెండోసారి వెంట్రుకవాసి పక్కకు జరిగితే బొమ్మ జంటగా పడుతుంది. 1888లో న్యూ ఆర్లియన్స్‌లో ముద్రించిన ఒక రకంలో దేవి పెదవులు, ముక్కు, గడ్డం రెండేసిగా కనిపిస్తాయి. సేకరించేవాళ్లు దాన్ని ముద్దుగా 'హాట్ లిప్స్' అంటారు. 1878లో మొదట గద్ద తోకకు ఎనిమిది ఈకలు పెట్టి, తర్వాత ఏడుకు మార్చారు. పాత డైలను పారేయకుండా కొన్నింటి మీద కొత్త హబ్ నొక్కారు. ఏడు ఈకల కింద పాత ఈకల కొసలు ఇప్పటికీ తొంగి చూస్తుంటాయి. సంవత్సరాన్ని, టంకశాల అక్షరాన్ని ఆ రోజుల్లో డై మీద చేత్తోనే కొట్టేవారు. అందుకే అక్షరం ఒకదాంట్లో ఎడమకు, ఇంకోదాంట్లో వాలుగా ఉంటుంది. వాన్ అలెన్, మాలిస్ అనే ఇద్దరు ఓపిగ్గా కూర్చుని ఇలాంటి తేడాలకు నంబర్లిచ్చి పట్టిక వేశారు. వాళ్ల పేర్ల మొదటి అక్షరాలతోనే ఆ రకాలను 'వ్యామ్' అని పిలుస్తారు.

గుర్తుపట్టడానికి నేను వాడే సూత్రం ఒక్కటే. డై మీద పల్లం నాణెం మీద మెరక అవుతుంది. డై పగిలితే నాణెం మీద ఉబ్బెత్తు గీత వస్తుంది. నాణేనికి తర్వాత తగిలిన దెబ్బ మాత్రం లోపలికి దిగుతుంది. అలాగే అసలైన జంట ముద్రలో రెండు బొమ్మలూ గుండ్రంగా, నిండుగా ఉంటాయి. ముద్రించేటప్పుడు డై అదిరి ఏర్పడే జంట మాత్రం మెట్టులా చదునుగా ఉండి, అక్షరాన్ని సన్నబరుస్తుంది. దానికి విలువ లేదు.

ఇంత తెలిసిన నేనే తప్పు చేశాను. 1893లో కార్సన్ సిటీ టంకశాల నాణేల ముద్రణ ఆపేశాక అక్కడి డైలు కొన్ని మిగిలాయి. వాటి మీదున్న రెండు 'సీ' అక్షరాల పైన 'ఓ' కొట్టి 1900లో న్యూ ఆర్లియన్స్‌లో వాడారు. 'ఓ' చుట్టూ ఆ 'సీ'ల ఆనవాళ్లు మిగిలిన నాణేలకు మామూలు వాటికంటే ఎక్కువ ధర. నాతో పనిచేసే ఒకాయన, తండ్రి ఇచ్చి వెళ్లిన 1900 డాలరు తెచ్చి చూపించారు. 'ఓ' పక్కన వంకర గీత కనిపించింది. నిన్నటి రాత్రే పుస్తకంలో ఆ బొమ్మ చూసి ఉన్నాను. "అదే ఇది, తక్కువకు అమ్మకండి" అని అందరి ముందూ చెప్పేశాను. వారం తర్వాత మైక్రోస్కోపు కింద పెట్టి, వెలుగును పక్కనుంచి వేసి చూశాను. గీత లోపలికి దిగి ఉంది. ఎప్పుడో తగిలిన దెబ్బ, అంతే. ఆయన అప్పటికే ఇంట్లో చెప్పేశారట. వెళ్లి నా తప్పు ఒప్పుకున్నాను. "పోనీలెండి, అమ్మేవాణ్ణి కాదు" అన్నారు. ఆ మాట నన్ను కాపాడటానికి అన్నారని నాకు తెలుసు.

ఆ రాత్రి నాకు ఈ బడి ప్రయోగశాలే గుర్తొచ్చింది. తొమ్మిదో తరగతిలో ఉల్లిపొర స్లైడు చూసి బొమ్మ వేయమన్నారు మా సైన్సు మాస్టారు. నేను అద్దంలోకి చూడకుండా పాఠ్యపుస్తకం చూసి చక్కగా గీశాను. మాస్టారు నా మైక్రోస్కోపులో కన్ను పెట్టి చూసి, "స్లైడులో గాలిబుడగ ఉంది, బొమ్మలో కేంద్రకం ఉంది. ఏది నీదిరా, ఏది పుస్తకానిది?" అన్నారు. పేజీ కొట్టేసి మళ్లీ గీయించారు. ముప్పై ఏళ్ల తర్వాత వేరే దేశంలో నేను మళ్లీ అదే పని చేశాను. పుస్తకంలో ఉన్నదాన్ని నాణెం మీద చూశాను. అప్పటినుంచి ముందు కాగితం మీద కనిపించింది గీసి, ఆ తర్వాతే పట్టిక తెరుస్తున్నాను.

ఈ డాలర్లకు మనకూ ఒక బంధం ఉంది. మొదటి ప్రపంచయుద్ధంలో మన దేశంలో వెండి కరువైంది. నోట్లిచ్చి రూపాయలు అడిగేవాళ్లకు ఇవ్వడానికి వెండి చాలలేదు. 1918లో అమెరికా పిట్‌మన్ చట్టం చేసి 27 కోట్లకు పైగా వెండి డాలర్లు కరిగించింది. అందులో అధికభాగం వెండి భారతదేశానికి వచ్చి ఐదో జార్జి రూపాయలుగా మారింది. మీ ముత్తవ్వ పెట్టెలో దొరికిన రూపాయిలో మోర్గాన్ డాలరు కరిగి ఉండవచ్చు. కరిగిన డాలర్ల మీద ఏ ఈకలుండేవో, ఏ పగుళ్లుండేవో ఇక ఎవరూ చెప్పలేరు.

అందుకే పిల్లలకు ఒక మనవి. ఇంట్లో పాత రూపాయి దొరికితే చింతపండు పెట్టి తోమకండి. మెరుపు వస్తుంది గానీ, డై వదిలిన సన్నటి గుర్తులు అరిగిపోతాయి. భూతద్దం పట్టుకుని, కిటికీ పక్కన కూర్చుని, నిదానంగా చూడండి. కనిపించింది గీయండి.

మాస్టారూ, ఆ రోజు మీరు కొట్టేసిన పేజీకి ఇన్నాళ్లకు నమస్కారం పెడుతున్నాను.