చమురు బావిలో పొత్తు కాపురం

పట్టాలు అందుకుంటున్న పిల్లలారా,

మన నల్లమాడ చుట్టుపక్కల బోరు బాధ తెలియని ఇల్లు లేదు. వెయ్యి అడుగులు దిగితే నీళ్లు గోరువెచ్చగా వస్తాయని మీ నాయనలకు తెలుసు. అంతకన్నా లోతున, చమురు పట్టిన రాళ్లలో బతికే ప్రాణుల గురించి చెప్పాలని వచ్చాను.

చమురు బావి అంటే తెలుగువాళ్లకు మంటే గుర్తొస్తుంది. 1995 జనవరి 8న కోనసీమలోని పాసర్లపూడిలో బావి పేలి 65 రోజులు మండింది. కానీ కింద చప్పుడు చేయని కాపురం ఒకటుంది. షికాగో భూగర్భ శాస్త్రవేత్త ఎడ్సన్ బాస్టిన్ చమురుతోపాటు పైకొచ్చిన నీళ్లను పరీక్షించాడు. సల్ఫేటు తగ్గిపోయి, కుళ్లిన గుడ్డు వాసన వేసే హైడ్రోజన్ సల్ఫైడ్ కనిపించింది. ఇది ప్రాణి పనేనని అనుమానించాడు. ఫ్రాంక్ గ్రీర్ ఆ నీళ్లలోంచే బాక్టీరియాను పెంచి చూపాడు. అది 1926. డ్రిల్లింగుతో పైనుంచి పోయినవేమోనని అప్పట్లో చాలామంది నమ్మలేదు.

గాలి చొరని ఆ లోతులో ఒంటరిగా బతకడం కష్టం. ఒక బాక్టీరియా చమురు అణువును తుంచి హైడ్రోజన్ వదులుతుంది. ఆ హైడ్రోజన్ పేరుకుంటే బాక్టీరియా పనే ఆగిపోతుంది. పక్కనున్న ఆర్కియా అనే మరో రకం సూక్ష్మజీవి ఆ హైడ్రోజన్ తిని మీథేన్ చేస్తుంది. ఒకదాని చెత్త ఇంకొకదాని కూడు! కెనడాలోని అల్బర్టాలో ఉన్న తారులాంటి చమురు, లక్షల ఏళ్లు ఇలాంటివి తినగా మిగిలిన ఎంగిలి. రాతి వేడి 80 డిగ్రీలు దాటితే మాత్రం వీటి ఆట సాగదు.

చమురు తినే ఇలాంటి ప్రాణులను మనిషీ వాడుకోవాలని చూశాడు. శాస్త్రవేత్త ఆనంద చక్రవర్తి ఒక్క బాక్టీరియాకే పలు రకాల చమురు పదార్థాలను తినే శక్తినిచ్చారు. 1980లో అమెరికా సుప్రీంకోర్టు దానికి పేటెంటు ఇవ్వవచ్చంది. గొప్ప పని. అయినా నాకు గుంపు మీదే నమ్మకం. మన దేశంలో టెరి సంస్థ తయారుచేసిన ఆయిల్‌జాపర్ అలాంటి గుంపే, మొక్కజొన్న బెండు పొడితో కలిపి చమురు ఒలికిన చోట చల్లుతారు. 1989లో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ చమురు అలాస్కా తీరాన్ని కప్పేసినప్పుడు అక్కడి బాక్టీరియాకు తిండి కరువు కాలేదు, నత్రజని, భాస్వరం కరువయ్యాయి. తీరానికి ఎరువు వేశారు, మనం చేనుకు వేసినట్టే.

చెనిక్కాయ చెట్టు పీకి, బాక్టీరియా కాపురముండే వేరుబుడిపెలు చూసినవాళ్లు మీరు. మీ ఊళ్లో ట్రాక్టరు మెకానిక్ షెడ్డు ముందు ఆయిలు కారి నల్లబడిన మట్టి చిటికెడు తెచ్చుకోండి. సీసాలో నీళ్లు, కొంచెం డీఏపీ, రెండు చుక్కల డీజిలు వేసి రోజూ కదపండి. కదిపిన మట్టి అడుక్కు దిగాక మొదట్లో తేటగా కనిపించిన నీళ్లు కొన్నాళ్లకు మసకబారితే నాకు కబురు పెట్టండి. చూడటానికి వస్తాను.