డాలరు డబ్బాలో మన పాటలు

ఈ వారం ఏదైనా మాట్లాడమని అడిగినప్పుడు, "నాకు తెలిసినవి రెండే విషయాలండీ, ఒకటి డేటాబేసులు, రెండోది పాత రికార్డులు" అన్నాను. డేటాబేసుల గురించి వినే ఓపిక శనివారం పొద్దున్న ఎవరికీ ఉండదు కనక, రెండోదే మాట్లాడతాను.

నేను ఐటీ కన్సల్టెంటుని. ఆరు నెలలు ఒక ఊళ్ళో, తొమ్మిది నెలలు ఇంకో ఊళ్ళో ప్రాజెక్టులు. సోమవారం తెల్లవారుజామున విమానం ఎక్కితే గురువారం రాత్రికి ఇంటికి చేరతాను. మధ్యలో మూడు సాయంత్రాలు హోటల్ గదిలో టీవీ చూస్తూ కూచోలేక, దగ్గర్లో ఉన్న థ్రిఫ్ట్ స్టోర్లకి వెళ్ళడం అలవాటైంది. గుడ్‌విల్ కావచ్చు, సాల్వేషన్ ఆర్మీ కావచ్చు, ఏ చర్చివాళ్ళో నడిపే చిన్న కొట్టు కావచ్చు. జనం వద్దనుకుని ఇచ్చేసిన బట్టలు, గిన్నెలు, కుర్చీలు అక్కడ చవగ్గా అమ్ముతారు. పుస్తకాల పక్కన, ఎక్కువగా కింది అరలో, గ్రామఫోన్ రికార్డులుంటాయి. నేలమీద కూలబడి ఒక్కొక్కటే ముందుకి వంచుతూ చూసుకోవాలి. ఒక్కోటి డాలరు, మహా అయితే రెండు మూడు డాలర్లు.

"ఫోన్లో అన్ని పాటలూ ఉండగా ఇదేం పిచ్చి?" అంటుంది మా ఆవిడ. ఈ పిచ్చి నా ఒక్కడికే ఉంటే సరే అనుకుందును. 2022లో అమెరికాలో 4 కోట్ల 10 లక్షల వినైల్ రికార్డులు అమ్ముడయ్యాయి, సిడిలు 3 కోట్ల 30 లక్షలు. లెక్కలో రికార్డులు సిడిలని దాటడం 1987 తరవాత అదే మొదటిసారి. కొత్త రికార్డుల ఖరీదు ఎక్కువ కనక, కుర్రాళ్ళంతా ఈ డాలరు డబ్బాల చుట్టూ చేరారు.

కొనే పద్ధతి పెద్ద కష్టమేమీ కాదు. ముందు అట్టలోంచి రికార్డు బయటికి తీయండి, చాలాసార్లు లోపల ఇంకెవరిదో పాట ఉంటుంది. దాన్ని దీపం కిందకి తెచ్చి ఏటవాలుగా పట్టుకుని చూడండి. పైపైన కనపడే గీతలతో పెద్ద ఇబ్బంది లేదు. గోరుకి తగిలే గీత ఉంటే మాత్రం ప్రతి చుట్టుకీ టక్కుమంటుంది. కంటికెదురుగా పట్టుకుంటే వంకర పోయిందో లేదో తెలిసిపోతుంది.

ఏ ఊరు వెళ్ళినా కనపడే రికార్డులు కొన్ని ఉన్నాయి. హెర్బ్ ఆల్పర్ట్ బృందం 1965లో చేసిన "విప్డ్ క్రీమ్ అండ్ అదర్ డిలైట్స్" అందులో మొదటిది. ఒళ్ళంతా క్రీము పూసుకున్న అమ్మాయి బొమ్మ ఉంటుంది అట్టమీద. అరవై లక్షలకి పైగా అమ్ముడయిందంటే, ఇప్పుడు అరవై లక్షల ఇళ్ళ అటకలు ఖాళీ అవుతున్నాయన్నమాట.

ఇలాంటివి పక్కన పెడితే, మిగతావి ఊరుని బట్టి మారతాయి. ఒహాయోలో పనిచేసినప్పుడు ఏ కొట్టుకి వెళ్ళినా పోల్కా రికార్డులే. క్లీవ్‌లాండులో పెరిగిన ఫ్రాంకీ యాంకోవిచ్ అనే అకార్డియన్ వాద్యగాడివి డజన్లకొద్దీ ఉండేవి. ఆయన తల్లిదండ్రులు స్లొవేనియా నించి వచ్చినవాళ్ళు. 1986లో పోల్కాకి మొట్టమొదటి గ్రామీ బహుమతి ఇచ్చినప్పుడు అది ఆయనకే దక్కింది. ఇక్కడి మిల్లుల్లో పనికి వచ్చిన తరం ఆ పాటలకి నాట్యం చేసింది. వాళ్ళ మనవలకి ఆ భాష రాదు. తాతగారు పోయాక రికార్డులు డబ్బాలో పడ్డాయి. అప్పట్నించీ నాకు రికార్డుల అర జనాభా లెక్కలాగే కనిపిస్తుంది. ఆ ఊళ్ళో ఎవరు కాపురముండి వెళ్ళిపోయారో అది చెబుతుంది.

యూనివర్సిటీ ఊళ్ళలో మన సంగీతం దొరుకుతుంది. రవిశంకర్ రికార్డులు మామూలే. ఒకసారి నాకు రామనాథపురం కృష్ణన్ గారి "విద్వాన్" దొరికింది. ఆయన 1960లలో కనెక్టికట్‌లోని వెస్లియన్ యూనివర్సిటీలో సంగీతం చెప్పారు. నాన్‌సచ్ అనే అమెరికా కంపెనీ 1968లో ఆ రికార్డు వేసింది. తమిళ విద్వాంసుడు పాడిన త్యాగరాజస్వామి తెలుగు, అమెరికా వాళ్ళ అట్టలో, నాకు ఒక్క డాలరుకి! ఆ రాత్రి హోటల్లో ప్లేయరు లేక అట్ట వెనక రాసిందంతా రెండుసార్లు చదువుకుని పడుకున్నాను.

ఇక అసలు చెప్పదలచుకున్నది. రెండేళ్ళ కిందట మిడ్‌వెస్ట్‌లో ఒక ఊళ్ళో, క్రిస్మస్ పాటల వెనక, వరసగా పదకొండు మన రికార్డులు కనిపించాయి. ఘంటసాల గారి భగవద్గీత, శంకరాభరణం, సుబ్బులక్ష్మి గారి సుప్రభాతం, ఆవిడే తిరుమల తిరుపతి దేవస్థానం వారికోసం పాడిన బాలాజీ పంచరత్నమాల ఐదింటిలో రెండు, ఇంకా కొన్ని సినిమా పాటలు. పంచరత్నమాల అట్టమీద నీలం సిరాతో, గుండ్రటి తెలుగు అక్షరాలతో ఇలా రాసి ఉంది: "చిన్నమ్మాయి మొదటి పుట్టినరోజుకి, అత్తయ్య, మామయ్య, 1981."

ఎవరిచ్చారని కౌంటరు దగ్గర అడిగాను. వెనక తలుపు దగ్గర పెట్టి వెళ్ళిపోతారు, పేర్లు రాసుకోం అన్నారు. పదకొండు డాలర్లిచ్చి తెచ్చుకున్నాను.

ఆ పాటల్లో ఇవాళ ఇంటర్నెట్లో దొరకనిది ఒక్కటీ లేదు. దొరకనిది ఆ నీలం సిరా. 1965లో వలస చట్టం మారాక వచ్చిన మన డాక్టర్లు, ఇంజనీర్లు ఇప్పుడు ఎనభైలకి దగ్గరపడ్డారు, దాటారు. పెద్ద ఇళ్ళు అమ్మేసి చిన్న ఇళ్ళకి, పిల్లల దగ్గరికి మారుతున్నారు. పిల్లలు నాలుగు రోజులు సెలవు పెట్టుకుని వచ్చి ఇల్లంతా సర్దాలి. వాళ్ళకి తెలుగు చదవడం రాదు. ఏ అట్టమీద ఏముందో చెప్పేవాళ్ళు పక్కన లేకపోతే వాళ్ళు మాత్రం ఏం చేస్తారు? స్లొవేనియా తాతగారి వంతు అయింది, ఇప్పుడు మన వంతు వచ్చింది.

అందుకని మూడు మనవులు. మొదటిది, ఇల్లు సర్దేముందు ఒక సాయంత్రం అమ్మానాన్నల దగ్గర కూచుని ఆ పెట్టె తెరవండి. ఇదెక్కడ కొన్నారు, ఎవరిచ్చారు అని అడిగి, వాళ్ళు చెప్పేది ఫోన్లో రికార్డు చేయండి. అట్టమీద రాతలుంటే ఫొటో తీయండి. రెండోది, రికార్డులని ఒకదానిమీద ఒకటి పేర్చకుండా పుస్తకాల్లా నిలబెట్టండి. ఎండాకాలం గరాజులో పెడితే వంకరపోతాయి. పూర్వపు 78 స్పీడు ప్లేట్లు ఉంటే అవి లక్కతో చేసినవి, కింద పడితే పగులుతాయి. వాటిని ఆల్కహాలుతో తుడవకండి, లక్క కరిగిపోతుంది. మూడోది, మీకు అక్కర్లేకపోతే లారీలో వేసేముందు మనవాళ్ళలో నలుగురికి చెప్పండి. తెలుగు చదవగలిగినవాళ్ళ చేతికి చేరితే చాలు.

ఆ పదకొండు రికార్డులూ మా ఇంట్లో భద్రంగా ఉన్నాయి. 1981లో ఏడాది నిండిన ఆ చిన్నమ్మాయికి ఇప్పుడు నలభై అయిదు దగ్గర్లో ఉంటాయి. వింటూ ఉంటే, లేదా ఆవిడ ఎవరో మీలో ఎవరికైనా తెలిస్తే, ఈ రేడియోవాళ్ళకి ఒక్క మాట చెప్పండి. పోస్టు ఖర్చు కూడా నాదే. అత్తయ్యగారి చేతిరాత ఆవిడకి చేరాలి.