సబ్జెక్టు గడిలో జారిపోయే గుట్టు

విదేశాలకు రొయ్యలు పంపే వ్యాపారి ఒకరు కొనుగోలుదారుకు ఈమెయిల్ రాశారనుకుందాం. బేరం సంగతులు పరాయి కంట పడకూడదని ఉత్తరాన్ని ఎన్‌క్రిప్ట్ చేశారు. కానీ సబ్జెక్టు గడిలో ‘40 కౌంటు, కొత్త ధర’ అని రాశారు. ఆ ఒక్క వరుస దారిలోని మెయిల్ సర్వర్లన్నిటికీ తెలిసిపోతుంది!

ఫిల్ జిమ్మర్‌మన్ 1991లో పీజీపీ అనే ఎన్‌క్రిప్షన్ ప్రోగ్రాం తెచ్చినప్పటి నుంచీ ఉన్న లోటిది. రామలింగం శరవణన్ 2001లో మొదలుపెట్టిన ఎనిగ్మెయిల్ అనే ఓపెన్ సోర్స్ పీజీపీ ప్రోగ్రాం, 2018 నాటికి సబ్జెక్టునూ దాచడం మొదలుపెట్టింది. అసలు సబ్జెక్టును ఎన్‌క్రిప్ట్ అయ్యే భాగంలోకి చేర్చి, పైన మూడు చుక్కలే ఉంచేది. అందుకున్నవారు తమ రహస్య కీతో తెరవగానే అసలు వరుస కనిపించేది. 2020 నుంచి, ఎనిగ్మెయిల్‌ను జోడించుకునే అవసరం లేకుండా, థండర్‌బర్డ్ అనే మెయిల్ ప్రోగ్రాంలోనే ఈ సదుపాయం ఉంది.

చిక్కులూ ఉన్నాయి. పాత మెయిల్ ప్రోగ్రాముల్లో చుక్కలే మిగులుతాయి. సర్వర్‌లో సబ్జెక్టు పెట్టి వెతికితే ఉత్తరం దొరకదు. జవాబు రాసేటప్పుడు దాచిన వరుస బయటికి పొక్కకూడదు, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. ప్రోగ్రాములన్నీ ఒకే పద్ధతి పాటించేందుకు 2025లో ఆర్ఎఫ్‌సీ 9788 ప్రమాణం వెలువడింది.

చిరునామాలు మాత్రం పైన ఉండాల్సిందే, లేకపోతే ఉత్తరం చేరదు. థండర్‌బర్డ్ వాడేవారు అకౌంట్ సెట్టింగుల్లో, ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ విభాగంలో, సబ్జెక్టును ఎన్‌క్రిప్ట్ చేసే గడికి టిక్కు ఉందో లేదో ఇవాళే చూసుకోండి.