పుస్తకప్రియత్వము – పుస్తకదానము
(వార్షిక మహాసభయందు చేసిన ప్రసంగపాఠము)



ఈ మహాసభలో చదువదగిన పుస్తకములను గూర్చి ప్రసంగింపుడని కార్యదర్శిగారు మమ్ము కోరిరి. “మాస్టారూ, మీకు ప్రియమైన పుస్తకముల పట్టిక యొకటి యిండు, సంచికలో అచ్చువేయించెదము” అనిరి. చిరకాలము బడిపిల్లలకు పాఠములు చెప్పి విశ్రాంతి నొందిన మాకు పట్టికలు వ్రాయుట క్రొత్తగాదు. కాని వ్రాయ గూర్చున్నప్పుడు ఒక సంగతి తోచినది. పుస్తకముల పట్టిక వంటకముల పట్టికవంటిది. చదివినంతమాత్రమున ఆకలి తీరదు. వడ్డించు చేయి కావలెను. కావున నేడు పట్టికతోపాటు ఆ చేతిని గూర్చియు, మా చేయి ఒకప్పుడు చేసిన తప్పును గూర్చియు విన్నవించుకొనదలచితిమి. తమరు శాంతచిత్తులై ఆలకింప ప్రార్థన.

మాకు పుస్తకముమీద ప్రేమ బడిలో పుట్టలేదు. మగ్గపు గుంటయొద్ద పుట్టినది. మా నాయనగారికి సంతకమునకు మించి అక్షరములు రావు. అయినను ఆయన చెవితో చదివిన మనుష్యుడు. ఆయన గుంటలో కాళ్లుపెట్టి కూర్చుండి నాడె ఆడించుచుండగా, మేము ప్రక్కన పీటమీద కూర్చుండి తిక్కనగారి విరాటపర్వమును బిగ్గరగా చదువవలసియుండెను. మా అమ్మగారు రాట్నముమీద కండెలు చుట్టుచు వినుచుండెడివారు. పద్యమును మేము విఱువరానిచోట విఱిచినచో మగ్గము ఆగెడిది. ఆయనకు ఛందస్సు తెలియదు. కాని పోగు తెగుట నెఱిగిన చెవికి పద్యము తెగుటయు తెలియును. “మఱల చదువురా” అనెడివారు. మఱల చదివెడివారము. మగ్గము సాగెడిది.

వానలు రానియేట ఊరివారు దేవాలయమున జేరి విరాటపర్వము చదివించుట మన దేశమున పూర్వాచారము. మా యింట వానకొఱకు గాక వినికిడికొఱకే ఏటేట చదివితిమి. పిమ్మట సంస్కృతకళాశాలలో చేరి కావ్యములను, వ్యాకరణమును అభ్యసించితిమి. శబ్దమును, అర్థమును గురువులు నేర్పిరి. వినువాడు ఎదుట నున్ననే చదువునకు ప్రాణము వచ్చునని నేర్పినది మాత్రము ఆ మగ్గమే. గ్రంథాలయములలో మొదటిది చెవియే యని మా విశ్వాసము.

ఇక పట్టిక. ఇది పండితులకొఱకు గాదు; పగలెల్ల పనిచేసి రాత్రి అరగంట తీరిక చేసికొనగల గృహస్థులకొఱకు, వారి బిడ్డలకొఱకు.

పిల్లలకు మొదట వేమన పద్యములు, సుమతీశతకము. ఇవి కంఠస్థము చేయించుటతో చాలించక, పద్యమునకొక ముచ్చట చెప్పవలెను. పిమ్మట పంచతంత్రకథలు. పరవస్తు చిన్నయసూరిగారు మిత్రలాభ, మిత్రభేదములను నీతిచంద్రిక యను పేర రచించి 1853లో వెలువరించిరి. సంధి, విగ్రహములను కందుకూరి వీరేశలింగంపంతులుగారు రచించిరి. సూరిగారి భాష నేటి బాలురకు కఠినమే. పెద్దవారు ఒక్కొక్క పుట చదివి, పిదప దానిని ఇంటిమాటలలో చెప్పవలెను. అప్పుడు బిడ్డకు కథయు దక్కును, భాషయు దక్కును.

పెద్దలకు మొదటి గ్రంథము కవిత్రయ భారతమే. అయితే ఆదిపర్వముతో మొదలుపెట్టి అరణ్యమున ఆగిపోవువారిని అనేకులను చూచితిమి. మా సలహా విరాటపర్వముతో ఆరంభింపుడని. చక్రవర్తి వంశమువారు అందు ఒక యేడాది పనివాండ్రై బ్రదికిరి. భీముడు వంటచేసెను, నకులుడు గుఱ్ఱములను మేపెను, సహదేవుడు ఆవులను కాచెను, అర్జునుడు నాట్యము నేర్పెను, ద్రౌపది పరుల తల దువ్వెను. చేతిపని చేయుటచేత మనుష్యుని గౌరవము తగ్గదని తెలిసికొనుటకు, చేతిపనివారిని పెద్దలు ఎట్లు చూతురో తెలిసికొనుటకును, ఇంతకంటె మేలైన పర్వము మే మెఱుగము.

సోదరీమణులకు మొల్ల రామాయణమును చేతికిచ్చుచున్నాము. గ్రంథము చిన్నది, నడక తేటయైనది. తాను శాస్త్రములు చదివినదానను గానని చెప్పుకొనుచునే ఆ తల్లి రామకథను నడపినది. పెద్దచదువు లేదని వెనుకకు దీయు ఆడపడుచులకు అదియే ధైర్యము.

వచనములో వీరేశలింగంపంతులుగారి స్వీయచరిత్రమును, శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రిగారి అనుభవాలూ జ్ఞాపకాలూనును చదువుడు. మొదటిదానివలన ఒక మనుష్యుడు తనవారి నెదిరించి నిలుచుట ఎట్లో తెలియును. రెండవదానివలన తెలుగుమాట యెంత రుచిగా నుండునో తెలియును. గురజాడవారి కన్యాశుల్కము 1892లో తొలిసారి ప్రదర్శింపబడినది. 1909లో పెంచి తిరుగవ్రాసిన పాఠమునే నేడు మనము చదువుచున్నాము. దానిని ఒంటరిగా చదువక, నలుగురు కూడి ఒక్కొక్కరు ఒక్కొక్క పాత్రగా చదువుడు, నవ్వు నాలుగింతలగును. జాషువా కవిగారి గబ్బిలమును 1941నాటి కావ్యమని మాత్రమే యెంచవలదు. గుడివాకిట నిలిపివేయబడినవాని గోడును గబ్బిలముచేత శివునికి చెప్పి పంపిన కావ్యమది. సంస్కృతము నేర్వగోరువారు రఘువంశమున రెండవ సర్గము చదువుడు. ఒక్క గోవును కాపాడుటకై దిలీపమహారాజు సింహమునకు తన దేహమునే అప్పగింప సిద్ధపడిన ఘట్టమది. దానిని చదివినప్పుడెల్ల మాకు నేటికిని గొంతు పట్టును.

ఈ పట్టికను చూచిన మిత్రులొకరు, “ఇందు మన కులమువా రెందఱు?” అని యడిగిరి. కులసంఘమున ఆ ప్రశ్న పుట్టుట సహజమే. మేము చెప్పిన ప్రత్యుత్తరము నిది. భావనాఋషి సంతతివారమని చెప్పుకొను మనము తరతరములుగా వస్త్రము నేసితిమి. మనము నేసిన చీరను ఏ కులపు ఆడపడుచు కట్టినను సంతోషించితిమేగాని, నీదే కులమని యడిగి అమ్మలేదు. మన వస్త్రము అందఱి మేనికి పనికివచ్చినప్పుడు, అందఱి పుస్తకములు మన మనస్సునకు ఏల పనికిరావు? కుమ్మరయింటి ఆడబిడ్డగా ప్రసిద్ధికెక్కిన మొల్లను, అంటరానివాడని అవమానింపబడిన జాషువాను, బ్రాహ్మణకుటుంబమున పుట్టిన శాస్త్రిగారిని ఒక్క పీటపై కూర్చుండబెట్టగలది పుస్తకమొక్కటియే. మనవారి చరిత్రమును మనము వ్రాసికొనవలెను, అచ్చువేయవలెను, సందేహము లేదు. దానితో మన చదువు ముగియరాదు.

ఇప్పుడు మా తప్పును చెప్పుకొందుము.

ఉద్యోగమున చేరిన కొంతకాలమునకు మాకు స్వంతముగా ఒక బీరువానిండ పుస్తకము లేర్పడినవి. పుస్తకము పరహస్తమున బడినచో పోయినట్లే, వచ్చినను చెడి వచ్చునని చెప్పు పాతశ్లోక మొకటి గలదు. దానిని అందముగా వ్రాసి బీరువా తలుపునకు అంటించితిమి. తాళపుచెవి మొలత్రాటనే యుండెడిది. ఆ దినములలో తొమ్మిదవ తరగతి విద్యార్థి యొకడు మా యింటికి వచ్చి, పాఠములో కొన్ని పద్యములు విన్నాననియు, విరాటపర్వము మొత్తము చదువవలెనని యున్నదనియు, వారముదినము లిమ్మనియు నడిగెను. వాని చేతులు చూచితిమి. నూలునకు రంగులద్దు ఇంటి బిడ్డ. గోళ్లనుండి మణికట్టువఱకు నీలిరంగు. మా గ్రంథము వావిళ్లవారి పాతముద్రణము. “చేతులు శుభ్రమైనపిమ్మట రారా” అంటిమి. వాడు చేతులు వెనుకకు దాచుకొని వెడలిపోయెను. మఱల అడుగలేదు. మఱుసటి యేడు బడికిని రాలేదు. కారణము ఇంటి బీదతనమే కావచ్చును. మా మాటయే యని చెప్పలేము, కాదనియు చెప్పలేము.

ఆ రాత్రి భోజనమునకు కూర్చుండినప్పుడు మాకు స్ఫురించినది: ఆ రంగు కడిగిన పోవునది గాదు. మా నాయనగారి చేతులును అట్టివే. ఆ చేతులు నేసిన కూలితోనే మేము కౌముది చదివితిమి. ఆ చేతులు నేడు మా బీరువాకడకు వచ్చినచో మేమే పొమ్మందుము గదా! పూర్వము వ్రాయసకాండ్రు తాళపత్రగ్రంథముల తుదిని, నూనెనుండి, నీటినుండి, సడలిన కట్టునుండి నన్ను కాపాడుము, మూఢుని చేతికీయకుము అని పుస్తకమే వేడుకొనునట్లు వ్రాసెడివారు. మూఢుని చేయి ఏదో ఆనాడు మాకు తెలిసినది. అది తలుపు తట్టిన చేయి గాదు, తాళము వేసిన చేయి.

మన పెద్దలు ఇట్లు చేయలేదు. 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్రభాషానిలయమును నెలకొల్పినవారు, తెలుగుమాటకు ఆదరణ కొఱవడిన సంస్థానములో తెలుగు పుస్తకమును నలుగురకు అందించిరి. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు మొదలగువారు 1906లో విజ్ఞానచంద్రికామండలిని స్థాపించి, చరిత్రమును, శాస్త్రములను సామాన్యులకు తెలుగున అందించిరి. అయ్యంకి వెంకటరమణయ్యగారి పూనికతో 1914లో బెజవాడలో గ్రంథాలయ ప్రతినిధుల సభ జరిగినది. మగ్గముల చప్పుడు వినవచ్చు చీరాల ప్రాంతమున, వేటపాలెములో 1918లో పుట్టిన సారస్వత నికేతనమునకు 1929లో గాంధీమహాత్ముడు శంకుస్థాపన చేసిరి. పాతూరి నాగభూషణంగారు మొదలగువారు 1935లో పెదపాలెమునుండి కాలువమీద పడవలో పుస్తకములు పంపి, గట్టుననున్న పల్లెలకు అందించిరి. చదువరి రాలేనిచోటికి పుస్తకమే కదలిపోయినది. కలకత్తాలో పుట్టిన బ్రౌనుదొరగారు కడపలో పండితులను, వ్రాయసకాండ్రను తన సొమ్ముతో పోషించి తాళపత్రములను సేకరించి, సరిచూపించి, వేమనపద్యములను 1829లో అచ్చువేయించిరి. కడపలో ఆయన నివసించిన తావున నేడు ఆయన పేర గ్రంథాలయము నిలిచియున్నది. వీరిలో నొక్కరును పుస్తకమును దాచి కీర్తిని పొందలేదు; పంచియే పొందిరి.

నేడు పుస్తకములు లేవని చెప్పుట తగదు. పాతగ్రంథము లనేకములు ఫోనులోనే ఉచితముగా లభించుచున్నవి. అయినను లక్ష పుస్తకముల నడుమ నిలిచిన బాలునకు “ఇది నీకు తగును, చదివి వచ్చి నాతో చెప్పుము” అను మనుష్యుడు లేనిచో వాడు వట్టిచేతులతోనే మరలును. మఱియు ఇంటిపన్నుతోపాటు మనమందఱము గ్రంథాలయపన్ను చెల్లించుచున్నాము. చెల్లించిన సొమ్ముతో నడచు ఊరి గ్రంథాలయమును నెలకొకసారియైన చూడని గృహస్థులము ఎందఱమో!

కావున మహాదాతలకు మా మనవులు మూడు. మన విద్యార్థివసతిగృహమునకు క్రొత్తగా కట్టనున్న భాగములో ఒక గది పుస్తకములకు విడువుడు. దాతల చిత్రపటములు హాలులో నుండవచ్చును, ఆ గది గోడలు మాత్రము అలమరల కుండనిండు. రెండవది: ఆ గది మన కులపు బిడ్డలకే గాక ఆ వీథి బిడ్డలందఱకును తెఱచియుండవలెను, ఆడపిల్లలకు వేఱు వేళ పెట్టుటయు, వేళ లేదనుటయు రెండును కూడవు. మూడవది: ప్రతిదినము సాయంకాలము అరగంట యెవ్వరైన ఒకరు బిగ్గరగా చదువవలెను; తక్కినవారు వినవలెను. చదువురాని వంటమనిషియు, కాపలావాడును వచ్చి కూర్చుండవచ్చును.

మావంతుగా, మేము కూడబెట్టిన సుమారు ఆఱువందల పుస్తకములను ఆ గదికి సమర్పించుచున్నాము. వావిళ్లవారి విరాటపర్వము అందు మొదటిది. నిబంధన లధికముగా లేవు. బీరువాలకు తాళము వేయవలదు. ఎవరేది తీసికొనిరో వ్రాయుటకు ఒక పుస్తకముంచుడు. ద్వారముకడ ఒక బిందె నీళ్లు, ఒక తువాలు ఉంచుడు. వచ్చిన బిడ్డ చేతులు కడిగికొనును. కడిగినను రంగు పోనిచో లోపలికి రానిండు. పుటమీద నీలిరంగు వ్రేలిగుర్తు పడినను బాధలేదు. మన పుస్తకమును మనవాడు చదివినాడనుటకు అంతకంటె మంచి ముద్ర లేదు. కొన్ని పుస్తకములు తిరిగిరావు. పోనిండు. పోయిన పుస్తకము ఏదో యింట నుండును. తాళమువేసిన పుస్తకము ఎచ్చటను లేనట్లే.

మేము అంటించిన ఆ శ్లోకపు చీటిని చించివేసితిమి. తాళపుచెవిని ఈ సభలో అధ్యక్షులవారి చేతికిచ్చుచున్నాము. దానిని భద్రపఱుపవలసిన పని లేదు.