పాత మోటారు సైకిళ్ళకు ఒక సన్నని పనిముట్టు
(ఉపన్యాస పాఠము)



పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు అందించు పాత్రకు కార్బురేటరని పేరు. మన దేశమున 2020 ఏప్రిలు 1 నుండి బీఎస్-6 నియమములు వచ్చిన పిమ్మట క్రొత్త మోటారు సైకిళ్ళలో చాలవరకు దాని స్థానమును ఇంజెక్షను పద్ధతి ఆక్రమించినది. అయినను పాత బండ్లున్నంత కాలము అదియు నుండును. 1955లో మద్రాసున తయారీ మొదలైన బుల్లెట్టు చప్పుడు ఎరుగని ఊరు తెలుగునాట అరుదు. ఆ బుల్లెట్టుకు పుట్టినిల్లు ఇంగ్లండు. నార్టన్, ట్రయంఫ్, బీఎస్ఏ అనునవి అచ్చటి దాని జ్ఞాతులు. వీనిలో పెక్కింటికి అమర్చిన కార్బురేటరు అమాల్ వారిది. 1927లో అమాక్, బ్రౌన్ అండ్ బార్లో, బింక్స్ అను మూడు సంస్థలు ఏకమై అమాల్ అను పేరు పొందినవి. వారు 1967లో కాన్‌సెంట్రిక్ అను క్రొత్త నమూనాను వెలువరించిరి. నేటి ప్రసంగము దానిలోని ఒకే ఒక బెజ్జమును గూర్చి. బెజ్జమునకొక ప్రసంగమా యని నవ్వువారు కొంచె మోపిక పట్టవలెను.

బండి వేగముగా పోవునపుడు పెట్రోలు పెద్ద జెట్టు గుండ వచ్చును. బండి నిలిచి ఇంజను మాత్రము సన్నగా తిరుగుచుండుటను మెకానిక్కులు ఐడ్లింగ్ అందురు. అప్పటి ఆహారము వేరొక ఇరుకు దారిలో వచ్చును. అదియే పైలట్ మార్గము. నాలుగు స్ట్రోకుల ఇంజన్లకు వచ్చిన కాన్‌సెంట్రిక్కులలో పెక్కింట ఈ దారి లోపల ఒక చిన్న ఇత్తడి బుష్షు బిగింపబడి యుండును. దాని రంధ్రము 0.016 అంగుళము, అనగా సుమారు 0.4 మిల్లీమీటరు. అది విప్పి తీయుటకు వీలు లేనిది. గాలిని సవరించు మరచీల యుండు రంధ్రము వెంట లోతుగా పోయిననే గాని అందదు.

బండి నెలల తరబడి కదలక నిలిచినచో పెట్రోలు ఆవిరియై జిగురు మిగులును. ఇప్పుడు దీనికి మరియొక బాధ తోడైనది. బ్రిటనులో 2021 సెప్టెంబరు నుండి సాధారణ పెట్రోలులో 10 శాతము వరకు ఇథనాలు కలుపుచున్నారు. మన దేశమున 20 శాతము వరకు వచ్చినది. ఇథనాలు తేమను పీల్చుకొనును. తేమ వలన కార్బురేటరు లోహమునకు తెల్లని బూజు వంటి పొడి పట్టును. ఆ పొడిలో ఒక రేణువు చాలును. ఇంజను ఎన్ని తన్నులు తన్నినను అంటుకొనదు. అంటుకొన్నను చేతి పిడి వదలగానే ఆరిపోవును. రెండు కార్బురేటర్లున్న బండియైనచో ఒక సిలిండరు మీదనే కుంటుచు నడచును. యజమాని పాపము ప్లగ్గు మార్చును, గాలి మరచీలను త్రిప్పి త్రిప్పి వేసారును, తుదకు కార్బురేటరే చెడినదని తీర్మానించును. (అన్ని తప్పులును బెజ్జమువే కావు, ఎచ్చటనైన గాలి కారుచున్నను ఇవే లక్షణములు కనబడును.)

ఇచ్చటనే పనిముట్టు అవసర మగుచున్నది. డ్రిల్లులను నంబర్లతో అమ్ముదురు. ఈ లెక్కలో అంకె పెరిగిన కొలది డ్రిల్లు సన్నగిల్లును. 78వ నంబరుది సరిగా 0.016 అంగుళము. 79వది 0.0145; 77వది 0.018. చూపునకు ఈ భేదము కానరాదు. కాని పొరపాటున 77వ నంబరు దూర్చినచో రంధ్రపు వైశాల్యము నాలుగవ వంతుకు పైగా పెరుగును. పెట్రోలు ఎక్కువగా వచ్చి ప్లగ్గు నల్లబడును. పెరిగిన బెజ్జమును మరల చిన్నది చేయుట ఎవరి తరము?

సుశ్రుతుడు తన సంహితలో యంత్రములు 101 అనియు, శస్త్రములు 20 అనియు గణించెను. వ్రణమున దారి వెదకు ఏషణిని శస్త్రములలోనే చేర్చెను. వెదకునదియు అజాగ్రత్తగా పట్టినచో కోయునది యగును. యంత్రములన్నిటిలో హస్తమే ప్రధానమని చెప్పినదియు ఆయనయే. ఈ డ్రిల్లును అట్లే ఏషణి వలె వాడవలెను. కరెంటు యంత్రమునకు ఎన్నడును తగిలింపరాదు; రెండు వ్రేళ్ళతో మాత్రమే త్రిప్పవలెను.

ఇక కొనుటయా, చేయుటయా? డ్రిల్లును కొనవలసినదే. అంత ఖచ్చితమైన కొలత ఇంటిలో రాదు. దాని పొడవు అంగుళము లోపే గనుక అది బుష్షును అందుకొనలేదు. కావున పిడిని చేసికొనవలెను. సిద్ధముగా అమ్ము పిడులును లేకపోలేదు గాని, నాలుగంగుళముల ఇత్తడి కడ్డీతో తీరు పనికి దూరదేశపు తపాలా ఖర్చు దండుగ. కడ్డీ మరచీల రంధ్రములో తేలికగా జారునంత సన్నముగా నుండవలెను. కొసన నడిమికి చిన్న గుంట తొలిచి, డ్రిల్లు మొదలు అందుంచి, తగరపు మాటు వేయవలెను. ఆ వేడికి హైస్పీడు ఉక్కు పదును చెడదు. వంకర మాత్రము రారాదు. కమ్మచ్చులో తీగ లాగిన కంసాలి చేతికి ఇది క్షణములో పని. చేయి వణకువారు ఆయననే ఆశ్రయించుట మేలు. డ్రిల్లు దొరకనిచో 0.015 అంగుళముల గిటారు తీగను కొస చదునుగా అరగదీసి వాడువారు కలరు. అది జిగురును త్రోయును గాని గట్టిపడిన పొడిని తొలువలేదు.

వాడు విధము ఇది. గాలి మరచీలను, దాని రబ్బరు వలయమును తీసివేయవలెను. ముందు 79వ నంబరు, పిమ్మట 78వది దూర్చి కుడివైపునకే మెల్లగా త్రిప్పవలెను; వెలికి తీయునపుడును కుడివైపునకే. బిగిసినచో బలము చూపరాదు. లోపల విరిగిన డ్రిల్లు బూజు కంటె పెద్ద శత్రువు. ఆ తరువాత కండ్లకు అద్దములు పెట్టుకొని అదే రంధ్రము గుండ శుభ్రపరచు ద్రవమును చిమ్మవలెను. స్లైడు క్రింద రెండు చిన్న తూములు కలవు. రెంటినుండియు ధార వచ్చినచో దారి తెరచుకొన్నట్లు. ఒకదాని నుండియే వచ్చిన యెడల పని సగమే యైనది.

బెజ్జము ఇదివరకే పాడైన కార్బురేటరు చేతికి వచ్చినచో పనిముట్టు పనికిరాదు. అమాల్ పేరుతో నేడు లభించు ప్రీమియర్ రకములో పైలట్ జెట్టు విప్పుటకు వీలుగా నున్నది. అది కొనుటయే గతి.

మరచీలను మరల పూర్తిగా బిగించి, ఒకటిన్నర చుట్టు వదలి, ఇంజను వేడెక్కిన పిమ్మట సన్నని సవరణ చేయవలెను. పనిముట్టును ఖాళీ బాల్‌పెన్ను గొట్టములో నుంచి, పైన 78 అని కాగితము అంటింపవలెను.