చింతపల్లి సముద్రంలో ఒక వేకువ

రాజాం అనగానే శ్రోతలకు తాండ్ర పాపారాయుడు, 1757 నాటి బొబ్బిలి యుద్ధము జ్ఞప్తికి వస్తాయి, సముద్రము రాదు. మా ఊరివారికి సముద్రమంటే సంతలోని ఎండుచేపల గంపయే. అటువంటి మెట్టప్రాంతపు మనిషిని, గత మాఘమాసంలో చీపురుపల్లి మీదుగా చింతపల్లి తీరము చేరి, తెల్లవారుజామున జాలరులతో వేటకు పోయినాను.

తండేలుకు అరవై దాటినవి. వెంట ఆయన మేనల్లుడు. పడవను అలలలోనికి నెట్టుతూ ఉంటే నా మోకాళ్ళు వణికినవి.

"బాబూ, అలకేసి సూడకండి, నాకేసి సూడండి" అన్నాడు పెద్దాయన. మూడు అలలను పోనిచ్చి, నాలుగవదాని వెనుక సందున పడవను దూకించాడు. నేను తడిసి ముద్దయినాను.

ఆ వేళనే బయలుదేరడానికి కారణమున్నది. రాత్రి నేల, సముద్రము కన్న త్వరగా చల్లబడుతుంది. గాలి ఒడ్డునుండి నీటిమీదికి వీస్తుంది. మధ్యాహ్నానికి అది తిరుగబడుతుంది. తేలిక దుంగలను త్రాళ్ళతో బిగించిన తెప్పల కాలంలో పోవడానికి ఒక గాలి, రావడానికి ఒక గాలి. ఇప్పుడు ఫైబరు పడవకు ఇంజను ఉన్నప్పటికీ ఆయన గాలి చూడనిదే కదలడు.

ఈ తీరాని కెదురుగా నీటిలో రాళ్ళున్నవి. వాటిని గురించి ఓడలను హెచ్చరించడానికే 1847లో ఇక్కడ దీపస్తంభము కట్టారు. ఓడలకు భయమైన చోటే చేపలకు ఇల్లు. వెలుగు రాగానే తండేలు ఒడ్డువైపు తిరిగి కూర్చున్నాడు. ఒక తాడిచెట్టు దీపస్తంభానికి సూటిగా రావాలి. దక్షిణాన కొండకొమ్ము సరుగుడుతోట అంచును తాకాలి. ఆ రెండు గీతలు కలిసిన చోటు రాళ్ళ అంచు. మేనల్లుడు చేతిలోని ఫోనూ అదే చోటు చూపినది. అతడు వల ఎత్తబోయాడు.

"ఒరే, ఆగు! నీ పోన్కి రాయి తెల్సు, నీటి లాగుడు తెల్దు."

చేయి నీటిలో ముంచి కొంతసేపు ఊరకున్నాడు. ప్రవాహము రాళ్ళవైపే లాగుతున్నది. ఫోను చెప్పినచోట వేస్తే అప్పు చేసి కొన్న వల రాళ్ళపాలే. ఇంకా దూరము పోయి వేయించాడు. దక్కినవి రెండు గంపలైనా లేవు: కవ్వళ్ళు, కొద్దిగా కానాగంతలు. డీజిలు ఖర్చు వచ్చినదో లేదో నేను అడగలేకపోయినాను.

ఏప్రిల్ 15 నుండి 61 రోజులు ఇంజను పడవలకు వేట నిషేధము. అటు తరువాత మేనల్లుడు గుజరాత్‌లోని వీరావల్ పోతాడట. 2018 నవంబరులో అక్కడినుండి వేటకు పోయి పాకిస్థాన్ వారికి చిక్కిన ఈ ప్రాంతపు జాలరులు 2020 జనవరిలో గాని విడుదల కాలేదు. ఆ మాట నేనెత్తగా ఇద్దరూ వల మడుస్తూ ఉండిపోయినారు.

ఒడ్డు దగ్గరపడగా కుర్రవాడే అడిగాడు: "మావా, ఆ తాడిసెట్టు పడిపోతే?"

"పడకముందే పక్కసెట్టు సూసుకోవాల్రా" అని, చెయ్యెత్తి ఆ రెండవ చెట్టును చూపించాడు. కుర్రవాడు ఫోను జేబులో పెట్టి అటే చూచాడు.

నాకు నాలుగు కానాగంతలు తాటాకులో చుట్టి ఇచ్చారు. రాజాం చేరేసరికి పదకొండు గంటలయినది.