‘శాంక్షను’ అను మాట
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



కేంద్ర ప్రభుత్వ కార్యాలయములలో దినమునకెన్నిమారులు వినబడునో లెక్కింపరాని ఆంగ్లపదములలో ‘శాంక్షను’ ఒకటి. సెలవు శాంక్షనైనదనియో, భవిష్యనిధినుండి అడ్వాన్సు శాంక్షనైనదనియో ఉద్యోగి ఇంటికి వచ్చి చెప్పినచో ఇల్లాలి మొగము వికసించును. ఆ సాయంకాలమే వార్తాపత్రిక విప్పినచో, ఒక దేశముపై మరియొక దేశము శాంక్షనులు విధించినదని కనబడును. ఒకచోట వరము, వేరొకచోట శిక్ష. ఒకే మాట తన అర్థమునకు తానే ఎదురు తిరుగుట ఎట్లు సంభవించెను?

మూలము లాటిను భాషయందు కలదు. ‘సాంకీరె’ అను క్రియకు పవిత్రము గావించుట, స్థిరపరచుట అని అర్థములు. క్రైస్తవులు పుణ్యపురుషులకు వాడు ‘సెయింటు’ అను మాటయు ఈ కుదుటినుండి మొలచినదే. రోమనుల శాసనములలో ‘సాంక్షియో’ అను భాగమొకటి యుండెడిది. శాసనము మీరినవానికి కలుగు దండనను తెలుపునది అదియే. శాసనమునకు బలమిచ్చునది దండనయే గనుక, బలపరచుటయు దండించుటయు ఒకే మాటలో ఇమిడిపోయినవి. 1789లో ప్రకటితమైన తన గ్రంథమున బెంథాము, శాంక్షనులు ప్రాకృతికము, రాజకీయము, నైతికము, మతసంబంధము అని నాలుగు విధములని చెప్పి, సుఖదుఃఖములు రెండింటిని వానిలో చేర్చెను. 1832లో ఆస్టిను సుఖమును తొలగించి దుఃఖమును మాత్రమే మిగిల్చెను. న్యాయశాస్త్రమున ఆస్టిను మతమెంత బలమైనదైనను, సెలవు కోరు గుమాస్తాకు బెంథామే ఆప్తుడు.

1935లో ఇటలీ ఇథియోపియాపై దండెత్తినప్పుడు నానాజాతిసమితి విధించిన ఆర్థిక నిర్బంధములతో శిక్షార్థము లోకమున బాగుగా వ్యాపించినది. 1998 మే నెలలో పోఖరాను అణుపరీక్షల తరువాత అమెరికా భారతదేశముపై విధించినవియు ఇట్టివే. తెలుగు పత్రికలు వానిని ‘ఆంక్షలు’ అనినవి.

తెలుగువారికి ఇచట ఒక సదుపాయము కలదు. శిక్షకు ఆంక్ష, ఒప్పుదలకు మంజూరు. ఈ మంజూరు పారశీకము మీదుగా వచ్చిన అరబ్బీపదము, ‘నజరు’కు చుట్టము. చూడబడినది అని దాని తొలి అర్థము. ఫైలు అధికారి కంటబడుటయే సగము మంజూరని ఎరిగినవారికి ఈ వ్యుత్పత్తి వింతగా తోపదు.

అయినను తెనిగించువానికి చిక్కు తప్పదు. ‘ప్రాసిక్యూషనుకు శాంక్షను’ అను ప్రయోగమును చూడుడు. ప్రభుత్వానుమతి లేనిదే తొలగింపరాని ఉద్యోగి విధినిర్వహణలో చేసిన పనికి నేరారోపణ వచ్చినచో, ప్రభుత్వపు శాంక్షను లేనిదే న్యాయస్థానము దానిని విచారణకు గైకొనరాదు. 1973 నాటి క్రిమినల్ ప్రొసీజరు కోడులో ఇది 197వ సెక్షను. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో 218వది. ఇచట శాంక్షను లభించునది అభియోగము నడుపువారికి, భయము కలుగునది ఉద్యోగి కుటుంబమునకు. దీనిని మంజూరనిన ఎబ్బెట్టుగానుండును, ఆంక్షయనిన అర్థమే తలక్రిందులగును. అనుమతి యనుటయే యుక్తము. కొత్త చట్టమున మరియొక విశేషము కలదు. కోరిక అందిన 120 దినములలో ప్రభుత్వము నిర్ణయము తీసికొననిచో, శాంక్షను ఇచ్చినట్లే భావింపబడును. మౌనము అర్ధాంగీకారమని లోకోక్తి, ఇచట పూర్ణాంగీకారమే.

ఇక మంజూరుకును సొమ్ముకును మధ్యనున్న దూరము. ప్రభుత్వపు ఆర్థిక నియమముల ప్రకారము, కొత్త వ్యయమునకు ఇచ్చిన శాంక్షను పండ్రెండు నెలలలో కొంతయైనను చెల్లింపు జరుగనిచో, తిరిగి పొడిగించిననే తప్ప మురిగిపోవును. గృహఋణముల విషయమును ఇట్టిదే. బ్యాంకునుండి శాంక్షను లేఖ రాగానే ‘లోను వచ్చినది’ అని ఇంటిల్లిపాదియు సంబరపడుదురు, మరునాడే అమ్మకందారునకు బయానా ఇత్తురు. ఆ లేఖ అడుగున నిబంధనలుండును, గడువుండును. ఆస్తిపత్రముల పరిశీలన ముగియనిదే రూపాయి కదలదు. పత్రములలో లోపము బయటపడెనేని లోను నిలిచిపోవును, బయానా తిరిగివచ్చుట అమ్మకందారుని దయమీదను, వ్రాసికొన్న ఒప్పందముమీదను ఆధారపడును.